ద్రాక్షాకు కూరగా మంచిదే, కషాయంగా వద్దు

ప్రశ్న: మాది ఉద్దానంలో సోంపేట దగ్గర ఒక పల్లె. మావారు కువైట్‌లో చాలా ఏళ్లు హోటల్ వంటశాలలో పనిచేసి ఈ మధ్యే ఇంటికి వచ్చేశారు. అక్కడ ద్రాక్షాకులో అన్నం, కీమా చుట్టి ఉడికిస్తారట. వస్తూ వస్తూ ఉప్పునీళ్లలో ఊరబెట్టిన ఆకుల సీసాలు తెచ్చారు. మా డాబా మీదికి పాకిన ద్రాక్ష తీగ ఒకటి ఉంది. కాయ అంతంతమాత్రం, ఆకు మాత్రం విపరీతంగా వేస్తుంది. దాని ఆకులూ వండుకోవచ్చని ఆయన అంటున్నారు. ఈలోగా ఫోనులో ఎవరో పంపిన సందేశం చూసి మా అత్తగారు రోజూ పొద్దున్నే ద్రాక్షాకు కషాయం తాగడం మొదలుపెట్టారు. కాళ్ల వాపు, షుగరు, రక్తహీనత, కిడ్నీ జబ్బు అన్నీ తగ్గుతాయని అందులో ఉంది. ఆవిడకు అరవై దాటాయి. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మావారికి షుగరు ఉంది. నాకు హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉందన్నారు. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. వాటికి బదులు ఈ ఆకు తింటే సరిపోతుందా? పిల్లలకు పెట్టవచ్చా? అసలు తీగను ఉంచాలా, కొట్టేయాలా?
– ఒక ఇల్లాలు, సోంపేట మండలం

జవాబు: అమ్మా, మీరు అడిగిన వరసలో కాకుండా ముందు మీ అత్తగారి సంగతి చెబుతాను. మిగతావన్నీ నాలుగు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఆగేది కాదు. ఆవిడ తాగుతున్న కషాయం ఈ రోజే మాన్పించండి. ఈ వారంలోనే ఆవిడకు రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించండి.

ద్రాక్షాకు విషం కాబట్టి ఇలా చెబుతున్నానని అనుకోవద్దు. తినదగిన ఆకే, మంచి ఆకే. నా భయమంతా ఆ పాదాల వాపు గురించి. ఉద్దానంలో అరవై దాటిన మనిషికి పాదాలు వాస్తున్నాయంటే ముందు అనుమానించవలసింది కిడ్నీలను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా అక్కడ ఈ జబ్బు వస్తోంది. దానికి అసలు కారణమేమిటో పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేదు. పైగా అది చాలాకాలం బయటపడకుండా ముదురుతుంది. ఆకలి తగ్గడం, నీరసం, వాపు కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి వాపును ఆకుతో తగ్గించే ప్రయత్నం చేస్తూ గడిపే ప్రతి నెలా ఆవిడ కిడ్నీలకు ఖరీదైన నెల.

చేయించవలసిన పరీక్షలు పెద్దవేమీ కావు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థం), పొటాషియం, షుగరు, హిమోగ్లోబిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు, వాటితోపాటు బీపీ. ఇవి ప్రభుత్వ ఆసుపత్రిలోనే అవుతాయి. అక్కడ ఏదైనా తేడా కనిపిస్తే పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. వెళ్లినప్పుడు కషాయం ఎన్నాళ్లు తాగారో, ఎంత తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు తెచ్చుకునే అలవాటు ఆవిడకు ఉంటే అదీ చెప్పండి. కిడ్నీలకు ద్రాక్షాకు కంటే ఆ మాత్రలు ఎన్నో రెట్లు ప్రమాదం. వాపు కిడ్నీల వల్లే అయివుండాలని లేదు. గుండె బలహీనత, థైరాయిడ్, రక్తహీనత, కొన్ని రకాల బీపీ మాత్రలు, కాలి సిరల్లో లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పరీక్షలు చేయించమనేది అందుకే.

ఆ ఫోను సందేశంలో కాళ్ల వాపు మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెబుతాను. అది పూర్తిగా కల్పితం కాదు, అందుకే ఎక్కువ ప్రమాదం. ఐరోపాలో ఎర్ర ద్రాక్ష ఆకుల నుంచి నీటితో తీసిన సారాన్ని ఎండబెట్టి మాత్రలుగా అమ్ముతారు. కాలి సిరలు బలహీనపడి రక్తం సరిగా పైకి ఎక్కక కాళ్లు బరువెక్కడం, వాయడం అనే సమస్య ఉన్నవాళ్లు రోజుకు 360 నుంచి 720 మిల్లీగ్రాముల సారం కొన్ని వారాలపాటు వాడితే వాపు కొంత తగ్గిందని మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. ఐరోపా ఔషధ సంస్థ మూలికల విభాగం కూడా ఆ ఒక్క సమస్యకు ఆ సారాన్ని గుర్తించింది. అయితే ఆ పత్రంలోనే మరో మాట ఉంది. కాళ్లు ఉన్నట్టుండి వాచినా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నా ముందు డాక్టరును చూడాలని. సందేశం పంపినవాళ్లు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశారు. సిరల వాపుకు పనికివచ్చిన మాత్ర కిడ్నీ వాపుకు పనికిరాదు. తూకం తెలిసిన మాత్ర వేరు, గుప్పెడు ఆకులు గిన్నెలో పడేసి మరిగించిన నీళ్లు వేరు.

కషాయం విషయంలో గమనించవలసింది ఇంకొకటి ఉంది. ద్రాక్షాకులో ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్లకు దారితీసే లవణాలు), పొటాషియం ఉంటాయి. ఆకును ఎక్కువ నీళ్లలో ఉడికిస్తే వాటిలో కొంత భాగం ఆ నీళ్లలోకి దిగుతుంది. కిడ్నీ రోగులకు ఆకుకూర వండేటప్పుడు ఉడికించిన నీళ్లు పారబోయమని ఆహార నిపుణులు చెప్పేది అందుకే. కషాయం తాగేవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా, పారబోయవలసిన నీళ్లు తాగి ఉంచుకోవలసిన ఆకును పారేస్తున్నారు. ఆకులోని పీచు, కెరోటిన్, కాల్షియంలో ఎక్కువ భాగం పిప్పిలోనే ఉండిపోతాయి. ఆరోగ్యవంతులు అడపాదడపా ఒక కప్పు తాగినంత మాత్రాన ఏమీ కాదు. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియని మనిషి రోజూ పరగడుపున తాగడం మాత్రం నేను ఒప్పుకోలేను.

పరీక్షల్లో అంతా సవ్యంగా ఉంటే ఇంట్లో అందరితోపాటు ఆవిడ కూడా నిక్షేపంగా ద్రాక్షాకు కూర తినవచ్చు. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే ఏ ఆకుకూర ఎంత తినాలన్నది పొటాషియం రిపోర్టు చూసి డాక్టరు చెప్పాలి. అప్పటిదాకా సీసాలోని ఊరిన ఆకు ఆవిడకు ఒక్కటి కూడా పెట్టవద్దు. ఎందుకో సీసాల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఇక ఆకు సంగతి. మీవారు చెప్పింది నిజం. టర్కీ, గ్రీసు, లెబనాన్, సిరియా, ఇరాన్, ఆర్మేనియా, అజర్‌బైజాన్ దేశాల్లో ద్రాక్షాకు చుట్టలు ఇంటింటి వంట. చాలాచోట్ల డోల్మా అంటారు, అరబ్బులు వరక్ ఎనబ్ అంటారు. అజర్‌బైజాన్‌లో డోల్మా చేసి పదిమందికి పంచుకునే ఆచారాన్ని 2017లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. తరతరాలుగా ఇన్ని దేశాలవాళ్లు తింటున్న ఆకు తినదగినదేనా అన్న అనుమానం మీకు అక్కరలేదు. ఆ కుటుంబపు మొక్క మనకూ కొత్త కాదు. మనవాళ్లు పచ్చడి చేసుకునే నల్లేరు ద్రాక్ష కుటుంబానిదే. కాకపోతే నల్లేరు నోటిని దురద పెడుతుంది, లేత ద్రాక్షాకు పెట్టదు.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ద్రాక్షాకులో మాంసకృత్తులు 5.6 గ్రాములు, పీచు 11 గ్రాములు, కాల్షియం 363 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 95, ఇనుము 2.6 మిల్లీగ్రాములు ఉంటాయి. విటమిన్ ఎ 1,376 మైక్రోగ్రాములు, ఫోలేట్ 83 మైక్రోగ్రాములు, విటమిన్ కె సుమారు 109 మైక్రోగ్రాములు. శక్తి 93 కేలరీలు. చూడగానే కళ్లు చెదిరే అంకెలు ఇవి. ఆ సందేశం రాసినవాళ్లు కూడా వీటినే చూసి ఉంటారు. అయితే ఒక లేత ఆకు బరువు మూడు గ్రాములు. 100 గ్రాములు కావాలంటే ముప్పైకి పైగా ఆకులు తినాలి. మామూలుగా ఒక మనిషి ఒక పూట తినేది ఆరో, ఎనిమిదో చుట్టలు.

ఎనిమిది ఆకుల లెక్క వేద్దాం. అంటే 24 గ్రాములు. కాల్షియం సుమారు 87 మిల్లీగ్రాములు వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1,000. ఇనుము అర మిల్లీగ్రాము చిల్లర, మీకు రోజుకు కావలసింది 29. పీచు రెండున్నర గ్రాములు. ఈ కొద్దిపాటి ఆకులోనూ నిజంగా లెక్కలోకి వచ్చేది విటమిన్ ఎ. 330 మైక్రోగ్రాములు, అంటే ఒక స్త్రీకి రోజుకు అవసరమైన 840లో మూడో వంతు పైమాటే. ఇది కెరోటిన్ రూపంలో ఉంటుంది కాబట్టి నూనె చుక్క లేకుండా తింటే ఒంటికి సరిగా పట్టదు. చెంచా నువ్వుల నూనె గాని, చుట్టలో రెండు జీడిపప్పు ముక్కలు గాని పడితే చాలు.

మరి మన ఆకుకూరలతో పోలిస్తే? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో మునగాకు చూడండి. 100 గ్రాములకు కాల్షియం సుమారు 314 మిల్లీగ్రాములు, ఇనుము నాలుగున్నర, విటమిన్ సి 108. ద్రాక్షాకులో విటమిన్ సి పదకొండు మిల్లీగ్రాములే, అదీ ఉడికిస్తే తగ్గిపోతుంది. కాల్షియంలో ద్రాక్షాకుది కాస్త పైచేయి, ఇనుములో, విటమిన్ సిలో మునగాకుది స్పష్టంగా పైచేయి. మీ పెరట్లో మునగచెట్టు ఉంటే, ఉద్దానంలో ఉండకుండా ఉండదు, ద్రాక్షాకు కోసం దాన్ని మానకండి. తోటకూర, మునగాకు, గోంగూర, బచ్చలి వరసలో ద్రాక్షాకు ఇంకొకటి. వారానికి ఒకసారి దాని వంతు వస్తే చాలు. దాన్ని మందుగా కాకుండా కూరగా చూస్తే దానివల్ల మీకు జరిగేదంతా మేలే.

మీ రక్తహీనత దగ్గరికి వద్దాం. హిమోగ్లోబిన్ తొమ్మిది అంటే ఆకుకూరతో పూడే లోటు కాదు. పైన చెప్పిన అర మిల్లీగ్రాము ఇనుములో కూడా ఒంటికి పట్టేది కొద్దిగానే. ఆకుల్లోని ఇనుమును మన పేగులు మాంసంలోని ఇనుమంత సులువుగా పీల్చుకోలేవు. ద్రాక్షాకులో వగరునిచ్చే టానిన్లు దాన్ని ఇంకా అడ్డుకుంటాయి. టీతో అన్నం తినవద్దని చెప్పేదీ ఈ టానిన్ల వల్లే. కాబట్టి మాత్రలకు బదులు ఆకు అనే ఆలోచన విడిచిపెట్టండి. కడుపులో తిప్పడానికి వేరే ఉపాయాలున్నాయి. మాత్ర పరగడుపున కాకుండా రాత్రి భోజనం చేసిన కాసేపటికి వేసుకుని చూడండి. నిమ్మరసం పిండిన నీళ్లతో మింగండి. టీ, కాఫీ, పాలు దానికి గంటన్నర ఇటూ అటూ ఉంచండి. అయినా తిప్పితే మానేయకుండా మీ ఊరి ఆరోగ్య కార్యకర్తకో, డాక్టరుకో చెప్పండి. రోజు విడిచి రోజు వేసుకోమంటారో, మందు రకం మారుస్తారో వాళ్లు చూస్తారు. రక్తం తగ్గడానికి నెలసరి ఎక్కువ కావడమో, నులిపురుగులో కారణమైతే దానికీ చికిత్స కావాలి. మీ ఊళ్లో ఉంటున్నారు కాబట్టి ఒక మాట. మీరు కూడా ఒకసారి క్రియాటినిన్ చూపించుకోండి, మీవారికీ చూపించండి. కిడ్నీ జబ్బు రక్తహీనతగా కూడా బయటపడుతుంది. భయపెట్టడానికి కాదు, ఒకే ప్రయాణంలో ముగ్గురి పనీ అయిపోతుందని చెబుతున్నాను.

మీవారి షుగరుకు ఆకు మంచిదే గాని ఆకు చుట్టిన అన్నం కూడా లెక్కే. ద్రాక్షాకులో క్వెర్సెటిన్ వంటి పదార్థాలు ఉన్న మాట నిజం. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆకు సారం రక్తంలో చక్కెరను తగ్గించిందన్నదీ నిజం. మనుషుల్లో షుగరు మాత్రను పక్కన పెట్టించేంత రుజువు లేదు. మాత్రలు ఆపవద్దని మీవారికి గట్టిగా చెప్పండి. చుట్టల వల్ల ఆయనకు జరిగే మేలు మరో రకంగా ఉంటుంది. ఎనిమిది చుట్టల్లో కలిపి పట్టేది చిన్న గిన్నెడు అన్నం. కంచం నిండా అన్నం పెట్టుకునే మనిషి ఆకు, కీమా, పీచుతో కలిపి చిన్న గిన్నెడుతో తృప్తి పడితే అది షుగరుకు మంచిదే. చుట్టలు తిన్నాక మళ్లీ మామూలుగా కంచం నిండా అన్నం వడ్డించుకుంటే ఆ మేలు పోతుంది. బియ్యానికి బదులు సామలు వాడి చూడండి, సీతంపేట వైపునుంచి వచ్చేవి మీ సంతల్లో దొరకవచ్చు. సామలు త్వరగా మెత్తబడతాయి కాబట్టి నీళ్లు కాస్త తక్కువ పోయాలి.

ఇప్పుడు ఆ సీసాలు. నాకు ఎక్కువ అభ్యంతరం వాటి మీదే. ఉప్పునీళ్లలో ఊరిన ద్రాక్షాకు 100 గ్రాముల్లో సోడియం 2,850 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అంటే ఏడు గ్రాముల ఉప్పు. పచ్చి ఆకులో ఉన్నది తొమ్మిది మిల్లీగ్రాములే. రోజు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సీసాలోని ఆకు తడిగా, బరువుగా నాలుగు గ్రాములుంటుంది. ఎనిమిది ఆకులు నేరుగా వాడితే రెండు గ్రాముల పైచిలుకు ఉప్పు ఆకు నుంచే వచ్చేస్తుంది, లోపలి కూరకు మీరు వేసే ఉప్పు కాకుండా. ఎండుచేప, ఊరగాయ, ఉప్పుమిరపకాయ రోజూ ఉండే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఎలాగూ తెచ్చారు కాబట్టి పారేయవద్దు. ఆకుల్ని విడదీసి పెద్ద గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ నానబెట్టండి. ఒక ఆకు కొస తుంచి నాలుక మీద వేసుకుంటే ఉప్పు తెలియకూడదు, అప్పటిదాకా నీళ్లు మారుస్తూనే ఉండండి. లోపలి కూరలో ఉప్పు అసలు వేయకండి. ఇంత చేసినా అవి బీపీ లేని పెద్దవాళ్లకే. మీ అత్తగారికి వద్దన్నది ఈ ఉప్పు వల్లే. డాబా మీద తాజా ఆకు పెరుగుతున్న ఇంటికి ఆ సీసాలు నిజానికి అవసరం లేదు.

తాజా ఆకులు కోసే ముందు నన్ను నేను అడిగినట్టే మిమ్మల్నీ ఒక ప్రశ్న అడుగుతాను. ఆ తీగకు ఎవరైనా ఏ మందైనా కొట్టారా? తోటల్లో ద్రాక్షకు బూజు తెగులు, బూడిద తెగులు రాకుండా పదేపదే మందులు కొడతారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పుట్టిందే ఫ్రాన్సులో ద్రాక్ష తోటల కోసం, 1880ల్లో. అది ఆకు పైన అంటుకుని ఉంటుంది. ఇప్పటి మందులు కొన్ని ఆకు లోపలికి ఇంకిపోతాయి, ఎంత కడిగినా పోవు. కాయ కోసం లెక్కగట్టిన మందు విరామం ఆకు తినేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది కాదు. అందువల్ల ద్రాక్ష తోటల నుంచి వచ్చిన ఆకు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దనండి. మీ డాబా తీగకు మీరు ఏమీ కొట్టకపోయినా పక్కన జీడితోట ఉందేమో చూసుకోండి. పూత, లేత చిగురు దశలో జీడికి టీ దోమ అనే పురుగు పడకుండా మందు పిచికారీ చేస్తారు. గాలి మీ వైపు తిరిగితే ఆ తుంపర మీ తీగ మీదే పడుతుంది. పక్క తోటలో మందు కొట్టే రోజుల్లో కోయడం మానేసి, ఆ తరువాత కొత్తగా వచ్చిన చిగుళ్ల ఆకులే వాడండి. కొండల వైపు కనిపించే ద్రాక్షలాంటి అడవి తీగల ఆకులు కోసుకురావద్దు. ఆకు ఆకారం ఒకేలా ఉన్నంత మాత్రాన అన్నీ తినేవి కావు.

కోయవలసిన ఆకు కొమ్మ కొస నుంచి మూడోది, నాలుగోది, ఐదోది. కొసన ఉన్న మొదటి రెండూ మరీ చిన్నవి, చుడితే చిరుగుతాయి. ఐదు దాటితే ఈనెలు ముదురుతాయి, ఎంత ఉడికించినా నోట్లో దారాల్లా మిగులుతాయి. అరచేతి వెడల్పు ఉండాలి, మెరిసే లేత ఆకుపచ్చ రంగులో ఉండాలి. మధ్యకు మడిచి నొక్కితే ఈనె టక్కున విరగకుండా ఒంగాలి. వెనక్కి తిప్పి చూడండి. అడుగున తెల్లటి నూగు ఒత్తుగా ఉండే రకమైతే నోటికి బాగుండదు. పసుపు మచ్చలున్నవి, అడుగున తెల్లటి బూజు పట్టినవి వదిలేయండి. మీ తీరప్రాంతపు తేమలో బూజు త్వరగా పడుతుంది కాబట్టి వానాకాలంలో ప్రతి ఆకూ తిప్పి చూడాలి.

కడిగి, తొడిమ మొదలంటా తుంచి, పది పది ఆకులుగా పేర్చి మరుగుతున్న నీళ్లలో వేయండి. క్షణాల్లో పచ్చటి ఆకు ముదురు ఆలివ్ రంగులోకి మారిపోతుంది. ఆకులోని పులుపు పత్రహరితాన్ని మార్చడం వల్ల వచ్చే రంగు అది, పాడయిందని కంగారు పడకండి. రెండు, మూడు నిమిషాలు చాలు. తీసి చన్నీళ్లలో వేసి, ఉడికిన నీళ్లు పారబోయండి. ఇలా చేసిన ఆకుల్ని ఉప్పు లేకుండానే గట్టిగా చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెడితే కొన్ని నెలలు ఉంటాయి. ఇక సీసాల అవసరమేముంది?

చుట్టడం మీవారికి తెలిసిన విద్యే కాబట్టి ఆ పని ఆయనకే అప్పగించండి. నున్నటి వైపు కిందికి, ఈనెల వైపు పైకి ఉంచి, నానబెట్టిన సామలో బియ్యమో, ఉల్లిపాయ, కొత్తిమీర, కీమా గాని నానిన శనగపప్పు గాని కలిపి, ఒక చెంచా పెట్టి రెండు పక్కలా మడిచి చుట్టాలి. మరీ బిగించి చుడితే బియ్యం ఉబ్బి ఆకు పగులుతుంది. గిన్నె అడుగున చిరిగిన ఆకులు పరచి, చుట్టలు మడత కిందికి వచ్చేలా వరసగా దగ్గర దగ్గరగా పేర్చి, పైన చిన్న పళ్లెం బోర్లించి, మునిగేదాకా నీళ్లు పోసి సన్నటి సెగ మీద ముప్పావు గంట ఉడికించాలి. దింపాక నిమ్మకాయ పిండండి. ఉడకడంలో పోయిన విటమిన్ సి కొంత తిరిగి వస్తుంది, ఇనుము పట్టడానికీ సాయపడుతుంది.

రోజూ అంత తీరిక ఎవరికుంటుంది? మామూలు రోజుల్లో ఉడికించిన ఆకును సన్నగా తరిగి కందిపప్పులో వేయండి. ద్రాక్షాకులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. చింతపండు పులుపు కూడా ప్రధానంగా దానివల్లే. కాబట్టి పప్పులో చింతపండు సగం తగ్గించుకోవచ్చు. నాకు బాగా నచ్చేది పచ్చడి. ఆకును నూనెలో పచ్చిమిరపకాయలతో మగ్గించి, వేయించిన నువ్వులు వేసి రోట్లో నూరి, కాస్త ఆవపిండి తగిలించండి. నువ్వుల్లో కాల్షియం, నూనె రెండూ ఉన్నాయి కాబట్టి ఆకులోని కెరోటిన్ కూడా బాగా పడుతుంది.

పిల్లలకు నిరభ్యంతరంగా పెట్టండి. మొదటిసారి రెండు చుట్టలు పెట్టి చూడండి. ద్రాక్ష పండు తింటే దద్దుర్లు వచ్చే పిల్లలకైతే వద్దు. చిన్నవాళ్లకు ఈనెలు గొంతులో అడ్డం పడకుండా మధ్య ఈనె తీసేసి పప్పులో మెదిపి పెట్టండి. పీచు ఎక్కువ కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది, పెద్దవాళ్లకైనా అంతే.

మీ ఇంట్లో కాకపోయినా చుట్టాల్లోనో, ఇరుగుపొరుగులోనో గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వంటి రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు వాడేవాళ్లు ఉంటే, వాళ్లకు ఈ ఆకు పంపేటప్పుడు ఒక మాట చెప్పి పంపండి. ఇందులోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. వాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానాలని కాదు, ఒక వారం అసలు లేకుండా ఇంకో వారం రోజూ తినడం వంటి హెచ్చుతగ్గులు ఉండకూడదు.

తీగను కొట్టేయవద్దు. కాయ సరిగా రావడం లేదంటే కత్తిరింపు సరిగా లేక కావచ్చు. దక్షిణాదిలో ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తారు. కత్తిరించిన రెండు వారాలకు వచ్చే కొత్త కొమ్మల మీద ఆకు అత్యంత లేతగా ఉంటుంది, కోతకు అదే అదను. అయితే కొమ్మను బోడి చేయకండి. గుత్తి పడిన కొమ్మ మీద పది, పదిహేను ఆకులైనా మిగలాలి, పండులోకి తీపి దిగేది ఆ ఆకుల నుంచే. గుత్తులు లేని కొమ్మల నుంచి, గుబురుగా అల్లుకుని గాలి ఆడని చోటి నుంచి ముందు కోయండి. గాలి ఆడితే బూజు కూడా తగ్గుతుంది, మందు కొట్టవలసిన అవసరం రాదు.

అత్తగారి రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్, పొటాషియం అంకెలు రాసి మళ్లీ ఉత్తరం రాయండి. ఆవిడకు వారానికి ఏ ఆకుకూర ఎంత పెట్టవచ్చో మీ డాక్టరు చెప్పిన హద్దుల్లోనే, మీ ఇంట్లో దొరికేవాటితోనే ఒక పట్టిక వేసి పంపిస్తాను.